చెడుగుడు ఆటలో మోకాలి దెబ్బ



సంక్రాంతి సమీపించుచున్నదనగా ఇబ్రహీంపట్నం చుట్టుపట్ల గ్రామములలో చెడుగుడు బరులు గీయుదురు. మన చిన్నతనమున పొలము గట్టుననో, చెఱువు క్రిందనో మెత్తని నేల చూచి ఆడినదే ఆట. నేటి బాలురు దీనిని కబడ్డీ యనుచున్నారు. 1990వ సంవత్సరమున బీజింగు ఆసియా క్రీడలలో ఈ యాటకు స్థానము లభించినది. 2014 మొదలు ప్రో కబడ్డీ పోటీలు టెలివిజనులో ప్రతి యింటను కనబడుచున్నవి. అక్కడి క్రీడాకారులు మెత్తని చాపలపై, ఏడాది పొడవున సాధన చేసిన దేహములతో చేయు దుముకుడులను, చీలమండ పట్టులను మన పిల్లలు కంకర నేలపై రెండు దినముల అభ్యాసముతో చేయజూతురు. కూలినవాడు మోకాలు పట్టుకొని లేవలేకపోవును.

పందెము నిర్ణయించునది పెద్దలు, బహుమానము నిచ్చునది పెద్దలు, పడిన బాలునకేమి చేయవలయునో అప్పటికప్పుడు చెప్పునదియు పెద్దలే. కావున ఈ ప్రసంగమును ఆటగాండ్రకు గాక మీకే ఉద్దేశించితిని.

మోకాలు తలుపు బందు వంటిదని సామాన్యముగా అనుకొందురు. అది అంత గట్టి అమరిక కాదు. తొడయెముక క్రింది కొన రెండు గుండ్రని కుండ అడుగులవలె నుండును. దాని క్రింది ముంగాలి ఎముక తల దాదాపు చదునైన పీట. చదును పీటపై కుండ నిలుచునా? అందుకే మన స్త్రీలు కుండక్రింద కుదురు పెట్టుదురు. భగవంతుడును ప్రతి మోకాలియందు రెండు మృదువైన కుదుళ్లను, నెలవంక ఆకారమున, అమర్చినాడు. ఇవి బరువును పంచును, అదురును మ్రింగును. ఎముకలు జారిపోకుండ నలుదిక్కుల త్రాళ్లవంటి బంధనములు కలవు. వానిలో రెండు కీలు నడుమ ఒకదానికొకటి అడ్డముగా పోవును. ముందరి అడ్డబంధనము ముంగాలి ఎముక ముందునకు జారకుండ, మెలిపడకుండ కాచును. ఆటగాండ్ర కొంప ముంచునది తరచుగా ఈ త్రాడు తెగుటయే.

కూతకు పోయినవాడు పాదమును నేలపై నాటి దేహమును మరలించునపుడు పాదము కదలదు, తొడ తిరుగును. నడుమ నున్న మోకాలు మెలిపడును. అదే క్షణమున ఎవడైన చీలమండ పట్టినచో చెప్పనక్కరలేదు. ఎవరును తాకకయే, ఎగిరి దిగునపుడు మోకాలు లోపలికి వంగి త్రాడు తెగుటయు సామాన్యమే. బాలికలలో ఈ దెబ్బ బాలురకంటె ఎక్కువగా కనబడుచున్నది గనుక వారి జట్ల విషయమున మరింత శ్రద్ధ అవసరము.

తెగినపుడు “టప్పు”మను శబ్దము విన్నట్లు పలువురు చెప్పుదురు. రెండు మూడు గంటలలోనే మోకాలు గుమ్మడికాయవలె ఉబ్బినచో కీలులో రక్తము చేరినదని ఊహింపవచ్చును. అది పెద్ద దెబ్బకు గుర్తు. మరునాటికి మెల్లగా వాచి, కాలు చాపబోగా నడుమ చిక్కుకొనిపోయినచో కుదురు చినిగి అడ్డుపడినదని అనుమానింపవలయును.

ఇక మన అలవాట్లను గూర్చి మొగమాటము లేకుండ చెప్పవలసి యున్నది. పడినవానిని లేపి “నడచి చూడు, ఏమియు కాలేదు” అనుట మొదటి తప్పు. వేడి కాపడము, నూనెతో మర్దనము, కాలు పట్టి గుంజుట రెండవ తప్పు. ఈ పనులు చేయువారు ప్రేమతోనే చేయుదురు. కాని లోపల రక్తము కారుచుండగా వేడియు మర్దనమును ఆ కారుటను హెచ్చించును. ఎముక విరిగినపుడు కట్టుటలో నేర్పరులు మనలో నున్నమాట నిజమే; తెగినది ఎముక కాక త్రాడైనపుడు ఆ నేర్పు పనికిరాదు.

చేయవలసినది స్వల్పమే. ఆట వెంటనే మాన్పవలయును. మంచుగడ్డలను గుడ్డలో చుట్టి పదునైదు ఇరువది నిమిషములు మోకాలిపై నుంచి, రెండు మూడు గంటల కొకసారి మరల పెట్టవలయును. మంచును చర్మమునకు నేరుగా తగిలింపరాదు. సాగెడి పట్టీని బిగుతు కాకుండ చుట్టి, కాలిని దిండ్లపై గుండెకంటె ఎత్తున నుంచవలయును. నాలుగడుగులైనను వేయలేకున్నను, మోకాలు వంగకున్నను, వాపు త్వరగా వచ్చినను ఆసుపత్రికి తీసికొని పోవలయును. ఎముక స్థానము తప్పినట్లు కనబడినను, పాదము చల్లబడి పాలిపోయినను, స్పర్శ తగ్గినను ఒక్క నిమిషము ఆలస్యము కూడదు. మోకాలి వెనుక పోవు రక్తనాళము నలిగి కాలికే ముప్పు రావచ్చును. అప్పుడు 108కి ఫోను చేయుటయే తగిన పని.

అన్నిటికంటె మోసకరమైనది తరువాతి కాలము. రెండు మూడు వారములలో నొప్పి తగ్గును, వాపు తీయును, బాలుడు నడచును. ఎక్స్‌రే తీయించినచో ఎముక బాగుగానే యుండును, ఏలయన అందు ఎముకయే గాని త్రాడు కనబడదు. ఇంటివారు సంతోషింతురు. వాడు మరల బరిలోనికి పోవును, లేదా పోలీసు నియామకముల కొరకు పరుగు, లాంగ్‌జంపు సాధన మొదలిడును. ఒకనాడు మలుపు తిరుగగా మోకాలు లోపల జారినట్లై కూలబడును. ఇట్లు జారిన ప్రతిసారియు కుదుళ్లు మరికొంత చినుగును, ఎముకకొనల మెత్తని పూత అరుగును. ఇరువదేండ్లవాని మోకాలు నలుబదేండ్లకే ముదుసలి మోకాలగును. గట్లపై బస్తా మోయవలసిన కాలు, నాగలి వెంట నడువవలసిన కాలు అది. అందుచేత నొప్పి తగ్గుటను నయమగుటగా భావింపరాదు. మోకాలు ఒక్కసారి జారినను ఎముకల వైద్యుని చూడవలయును. ఆయన చేతితో లాగి పరీక్షించియు, అవసరమైనచో ఎం.ఆర్.ఐ. తీయించియు నిర్ణయించును. సాగర్ రోడ్డున పోయినచో నగరమందలి ఉస్మానియా, గాంధీ, నిమ్స్ ఆసుపత్రులు మనకు అందని దూరమున లేవు.

త్రాడు తెగిన వారందరికి శస్త్రచికిత్స యక్కరలేదు. తొడ కండరములను బలపరచు వ్యాయామముతోనే కొందరు వ్యవసాయము, నడక చక్కగా సాగింతురు. మెలికలు తిరుగు ఆటలకు మరలగోరువారికి తరచుగా తొడవెనుక నరమునుండి గాని మోకాలి ముందరి నరమునుండి గాని క్రొత్త త్రాడు వేయుదురు. ఆ త్రాడు పాతుకొనుటకు కాలము పట్టును. తొమ్మిది నెలలకు ముందు ఆటకు దిగినవారికి మరల తెగు భయము హెచ్చు. ఫిజియోథెరపీ వ్యాయామము నడుమ మానివేసినవానికి శస్త్రచికిత్స ఫలము సగమే.

మన తెలుగువారిలో పుల్లెల గోపీచంద్ కథ అందరెరిగినదే. 1994లో పూణే జాతీయ క్రీడలలో బ్యాడ్మింటను ఆడుచుండగా ఆయనకు ఈ బంధనమే తెగినది. శస్త్రచికిత్సయు, దీర్ఘసాధనయు జరిగిన పిదప 1996లో జాతీయ విజేత యయ్యెను. 2001లో ఇంగ్లండున ఆల్ ఇంగ్లండు పోటీని గెలిచెను. ఆయన స్థాపించిన శిక్షణాలయము మన రంగారెడ్డి జిల్లాలోని గచ్చిబౌలియందే యున్నది. హైదరాబాదు నివాసిని సైనా నెహ్వాల్ 2016లో రియో ఒలింపిక్సున మోకాలి నొప్పితోనే ఆడి ఓడెను, వెంటనే శస్త్రచికిత్స చేయించుకొని 2017లో ప్రపంచ పోటీలలో కాంస్యమును, 2018లో కామన్‌వెల్త్ క్రీడలలో స్వర్ణమును సాధించెను. అయినను 2024లో తన మోకాళ్లలో మృదులాస్థి చెడి కీళ్లవాతము వచ్చినదని ఆమెయే వెల్లడించెను. మొదటి కథను మాత్రమే చెప్పి పిల్లల నుత్సాహపరచుట న్యాయము కాదు, రెండును చెప్పవలయును.

పది మొదలు పదునైదేండ్ల పిల్లలలో మోకాలి చిప్ప క్రింద బొడిపె లేచి, పరుగెత్తినపుడు నొప్పి పెట్టుట కలదు. ఇది తెగుట కాదు. ఎదుగు ఎముకను తొడనరము లాగుటవలన వచ్చునది. ఎగురుట, దుముకుట కొంతకాలము తగ్గించిన చాలును. ఎదుగుదల ముగియగానే సాధారణముగా పోవును. దీనికి వాతలు పెట్టించువారిని వారింపుడు. మోకాలు ఎఱ్ఱబారి జ్వరము కూడ నున్నచో అది వేరు వ్యాధి, వెంటనే వైద్యుని చూడవలసినది.

రాబోవు పోటీలకు మీరు చేయగల పని కొంత కలదు. బరిలోని రాళ్లు ఏరించి, నేలను లోతుగా త్రవ్వించి తడిపి ఇసుక కలిపించుడు. ఆటకు ముందు పావుగంట మెల్లని పరుగు, గుంజిళ్లు, ఒంటికాలిపై నిలుకడ, మోకాళ్లు వంచి మెత్తగా దిగుట అభ్యసింపజేయుడు. వారమునకు రెండు మూడు పర్యాయములు ఇట్లు చేసిన జట్లలో మోకాలి దెబ్బలు తగ్గుచున్నవని పలు దేశములందు తేలినది. బహుమానముల సొమ్ములో కొంత తీసి ఒక పెట్టెడు మంచుగడ్డ, రెండు సాగెడి పట్టీలు బరి ప్రక్క నుంచుడు. మంచుగడ్డ చేపల అంగడిలో దొరకును. ఒక నులకమంచము కూడ నచ్చటనే వేయించుడు. పడినవానిని భుజములపై కుంటించుచు తెచ్చుటకంటె దానిపై మోయుట మేలు.