జంట ఆట – రంకిరెడ్డి సాత్విక్‌సాయిరాజ్ ప్రస్థానం

గౌతమి, వసిష్ఠ అనే గోదావరి పాయల నడుమ సముద్రపుటంచు వరకు విస్తరించిన పచ్చని భూభాగం కోనసీమ. కొబ్బరితోటలకు, వరిచేలకు, వేదపండితులకు ఈ సీమ చిరకాలంగా ప్రసిద్ధి చెందింది. 2022లో ఏర్పడిన డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లాకు ముఖ్యపట్టణం అమలాపురం. ఆ పట్టణం పేరు ఇటీవలి కాలంలో ప్రపంచ క్రీడారంగంలోను వినవచ్చింది. అందుకు కారకుడు బ్యాడ్మింటన్ క్రీడాకారుడు రంకిరెడ్డి సాత్విక్‌సాయిరాజ్.

సాత్విక్ 2000 ఆగస్టు 13న అమలాపురంలో జన్మించాడు. తండ్రి వ్యాయామోపాధ్యాయుడు కావడంచేత ఇంట్లోనే క్రీడావాతావరణం ఉండేది. మన పల్లెల్లో, పట్టణాల్లో 'షటిల్' అని పిలుచుకొనే ఈ ఆటపై అతనికి బాల్యంలోనే మక్కువ ఏర్పడింది. 2014లో అతడు హైదరాబాదులోని పుల్లెల గోపీచంద్ అకాడమీలో చేరాడు. పద్నాలుగేళ్ల ప్రాయంలో ఇల్లు విడిచి, కఠినమైన సాధనకు సిద్ధపడటం సామాన్యమైన విషయం కాదు.

బ్యాడ్మింటన్‌లో ఒక్కొక్కరు తలపడే సింగిల్స్ ఒక విధం, ఇద్దరేసి తలపడే డబుల్స్ మరొక విధం. సాత్విక్ రెండవదానిని ఎంచుకొన్నాడు. మలేషియాకు చెందిన శిక్షకుడు టాన్ కిమ్ హెర్ అతనికి ముంబయికి చెందిన చిరాగ్ శెట్టిని జతచేశాడు. ఇద్దరూ పొడగరులే, ఇద్దరూ దూకుడుగా ఆడేవారే. అయితే ఇద్దరూ ఒకే పని చేస్తే డబుల్స్ సాగదు. ఒకరు నెట్టు దగ్గర నిలిచి, ప్రత్యర్థులు షటిల్‌ను పైకి లేపక తప్పని స్థితిని కల్పించాలి. రెండవవారు వెనుకనుండి ఎగిరి దానిని బలంగా కిందికి కొట్టాలి. ఈ జంటలో సాధారణంగా మొదటి పని చిరాగ్‌ది, రెండవ పని సాత్విక్‌ది. చూపరుల కన్ను స్మాష్ మీద నిలుస్తుంది. దానికి తావు కల్పించిన చేయి మరుగున ఉండిపోతుంది. డబుల్స్ ఆటలోని మర్మమంతా ఇదే.

ఈ జంట 2019లో థాయిలాండ్ ఓపెన్ గెలిచి తొలిసారి ప్రపంచం దృష్టిని ఆకర్షించింది. 2022 మే నెలలో భారత జట్టు ఇండోనేషియాను 3–0 తేడాతో ఓడించి మొట్టమొదటిసారి థామస్ కప్పును గెలుచుకొన్నప్పుడు, ఆ మూడు విజయాలలో ఒకటి వీరిదే. అదే సంవత్సరం కామన్వెల్త్ క్రీడలలో స్వర్ణం, ప్రపంచ పోటీలలో కాంస్యం లభించాయి. 2023 వీరికి మహత్తరమైన వత్సరం. ఏప్రిల్‌లో ఆసియా ఛాంపియన్‌షిప్, జూన్‌లో ఇండోనేషియా ఓపెన్, అక్టోబరు 7న హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల స్వర్ణం వీరి వశమయ్యాయి. ఆసియా క్రీడల బ్యాడ్మింటన్‌లో భారతదేశానికి అదే తొలి స్వర్ణం. ఆ వెంటనే డబుల్స్‌లో ప్రపంచ ప్రథమస్థానం పొందిన తొలి భారతీయ జంటగా వీరు చరిత్రకెక్కారు.

క్రీడాకారునికి ఆటస్థలంలో ఒక విలువ, దాని వెలుపల మరొక విలువ ఉంటాయి. విజేతపై ప్రజలకు అభిమానం కలుగుతుంది. అభిమానం నమ్మకంగా మారుతుంది. వ్యాపార సంస్థలు ఆ నమ్మకానికే మూల్యం చెల్లించి, అతని ముఖాన్ని తమ వస్తువుపై ముద్రించుకొంటాయి. సింగిల్స్‌లో రాణించిన పి.వి. సింధు ఇందుకు చక్కని నిదర్శనం. 2018లో ఫోర్బ్స్ పత్రిక ప్రకటించిన అత్యధిక ఆదాయం గల క్రీడాకారిణుల పట్టికలో ఆమె ఏడవస్థానంలో నిలిచింది.

డబుల్స్ క్రీడాకారులకు ఈ మార్గం అంత సుగమం కాదు. ప్రకటనకు ఒక ముఖం కావాలి. ఇక్కడ ముఖాలు రెండు. బహుమతి ధనం విషయంలోను ఇదే చిక్కు. 2023 ఇండోనేషియా ఓపెన్‌లో సింగిల్స్ విజేత పొందినది 87,500 డాలర్లు. డబుల్స్ విజేతల జంటకు లభించినది 92,500 డాలర్లు. పంచుకొంటే ఒక్కొక్కరికి వచ్చినది 46,250 డాలర్లు మాత్రమే. శ్రమలో తేడా లేకున్నా ఫలంలో తేడా ఉన్నదన్నమాట.

ఇద్దరిలో ఒకరి పేరు ప్రత్యేకంగా మారుమోగిన సందర్భమూ లేకపోలేదు. 2023 ఏప్రిల్ 14న జపానులో రాకెట్ల తయారీసంస్థ యోనెక్స్ వారి ప్రాంగణంలో సాత్విక్ కొట్టిన స్మాష్ గంటకు 565 కిలోమీటర్ల వేగంతో గిన్నిస్ రికార్డుకెక్కింది. పదేళ్లుగా నిలిచిన 493 కిలోమీటర్ల రికార్డు దానితో చెరిగిపోయింది. రాకెట్టును వీడిన క్షణంలో నమోదైన వేగమది. ఈకలతో చేసిన షటిల్ గాలి నిరోధం వలన త్వరలోనే నెమ్మదిస్తుంది. పోటీలో కాక పరీక్షాస్థలంలో నెలకొన్న ఈ రికార్డు ఆటగాని బలాన్ని చాటింది. తయారీదారుని రాకెట్టుకూ పేరు తెచ్చింది. క్రీడ, వ్యాపారం ఒకదానికొకటి చేయందించుకొనే తీరు ఇందులో స్పష్టమవుతుంది. అయితే, అంతటి వేగమైన దెబ్బ కూడ, పోటీలో, సహచరుడు తావు కల్పిస్తేనే పాయింటుగా మారుతుంది.

వెలుపలి విలువకు మరొక పార్శ్వం కూడ ఉన్నది. 2001లో ఆల్ ఇంగ్లండ్ టైటిల్ గెలిచిన గోపీచంద్‌ను ఒక శీతలపానీయం ప్రకటనలో నటించమని కోరారు. అటువంటి పానీయాలు ఆరోగ్యానికి మేలు చేయవని తలచి అతడు నిరాకరించాడు. చేతికందిన ధనాన్ని వదలుకొన్న ఆ క్రీడాకారుడే తరువాత అకాడమీని నెలకొల్పాడు. సింధు, సాత్విక్ అక్కడ రూపుదిద్దుకొన్నవారే. కీర్తిని అమ్ముకొనే వీలున్నప్పుడు ఏది అమ్మరాదో ఎరిగి ఉండటం కూడ విలువే.

విజయపరంపరలో చేదు అనుభవాలూ ఉన్నాయి. టోక్యో ఒలింపిక్స్‌లో ఈ జంట మూడింట రెండు పోటీలు గెలిచినా, గేముల లెక్కలో వెనుకబడి వెనుదిరిగింది. వీరి చేతిలో ఓడిన తైపీ జంటయే చివరకు స్వర్ణం గెలిచింది. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో క్వార్టర్ ఫైనల్‌లోనే ఓటమి ఎదురయింది. 2023వ సంవత్సరపు ఖేల్‌రత్న పురస్కారానికి ఇద్దరూ ఎంపికైనా, 2024 జనవరిలో ప్రదానం జరిగిననాడు వారు మలేషియాలో పోటీలో ఉన్నారు. ఆ పురస్కారాన్ని కుమారుడు అందుకొనే దృశ్యం చూడకుండానే, 2025 ఫిబ్రవరిలో సాత్విక్ తండ్రి కన్నుమూశాడు. ఆ దుఃఖాన్ని దిగమింగుకొని అతడు తిరిగి ఆటస్థలంలో అడుగుపెట్టాడు. అదే ఏడాది ఆగస్టులో పారిస్‌లో జరిగిన ప్రపంచ పోటీలలో ఈ జంట మరొక కాంస్యం సాధించింది.

ప్రకటనలు మారిపోతాయి. రికార్డులను రేపు మరొకరు అధిగమిస్తారు. చేతికి రాకెట్టు అందించిన తండ్రి, శిక్షణనిచ్చిన గురువు, పక్కన నిలిచిన మిత్రుడు – వీరి ఋణానికి మాత్రం ఏ సంస్థా వెల కట్టలేదు. తన విజయంలో ఇతరుల పాలు ఎంతటిదో డబుల్స్ ఆటగానికి ప్రతి పాయింటూ గుర్తుచేస్తూనే ఉంటుంది. అమలాపురం యువకుని జీవితం నుండి విద్యార్థులు గ్రహించవలసిన పాఠమూ ఇదే.