మందు పోయినా చెరువులో మిగిలేది

"మా చెరువులో మందులు వెయ్యమండీ" అని చేపల రైతు ఎవరైనా చెబితే నేను అడిగే రెండో ప్రశ్న ఒకటుంది: "మరి కోళ్ల ఎరువు ఎక్కడి నుంచి తెస్తున్నారు?" పైన వీడియోలో కూడా అదే అడిగాను. దీనికీ దానికీ ఏంటి సంబంధం అనుకోవచ్చు. ఉంది.

కొల్లేరు, కైకలూరు వైపు బొచ్చె, శీలావతి చెరువుల్లో నీళ్లకు పచ్చదనం రావాలని కోళ్ల ఎరువు వేస్తుంటారు. ఫారంలో కోళ్లకు యాంటీబయాటిక్ పెట్టి ఉంటే అందులో కొంత రెట్టలోకి దిగుతుంది. దాంతోపాటే ఆ మందుకు లొంగని బ్యాక్టీరియా కూడా వస్తుంది. ఇక చేపకు ఎర్రమచ్చలు వచ్చాయని ఆక్సీటెట్రాసైక్లిన్ మేతలో కలిపితే, చాలా భాగం దాని ఒంటికి పట్టదు, నీళ్లలోకీ అడుగు బురదలోకీ పోతుంది. బలహీనమైన బ్యాక్టీరియా చస్తుంది, మొండిది మిగిలి పెరుగుతుంది.

ఇక్కడే మనవాళ్లు పొరబడేది. ల్యాబ్‌లో మామూలుగా చూసేది మందు అవశేషాన్ని. ఆక్సీటెట్రాసైక్లిన్ అయితే చేపలో కిలోకి 0.1 మిల్లీగ్రాము దాటకూడదని మన ఆహార భద్రతా సంస్థ నిబంధన. మందు ఆపి కొన్నాళ్లు ఆగి పడితే పరీక్షలో పాసైపోతుంది. మొండి బ్యాక్టీరియా సంగతి ఆ కాగితం చెప్పదు. పైగా ఆ మొండితనం ఒక్కదానితో ఆగదు. పక్కింటి రైతుకు విత్తనం ఇచ్చినట్టు, ఆ జన్యువును వేరే రకం బ్యాక్టీరియాకు కూడా ఇచ్చేస్తుంది.

కొలిస్టిన్ అనే మందు ఉంది. ఏ మందూ పనిచెయ్యనప్పుడు ఆసుపత్రుల్లో చివరికి వాడేది. దాన్నీ కోళ్లకు బరువు పెరగాలని పెట్టారు! దానికి లొంగని జన్యువు, ఒక బ్యాక్టీరియా నుంచి ఇంకోదానికి పాకే రకం, చైనాలో బయటపడిందని 2015లో శాస్త్రవేత్తలు ప్రకటించారు. మన దేశంలో కోళ్లకు, ఆక్వాకు దాన్ని నిషేధించింది 2019లో.

ఇది చేపల రైతుల గొడవ, మనకెందుకు అంటే కుదరదు. చెరువు ఎండగట్టాక ఆ బురదమట్టిని పొలానికి తోలుకుంటాం, ఆ నీళ్లే వరికి పెడతాం. కొందరు కోళ్ల ఎరువును పచ్చిదే చల్లేస్తారు. నా మాటైతే, ఫారం ఎరువు పచ్చిది ఎక్కడా వద్దు. కుప్ప వేసి, తడిపి, తిరగేస్తూ లోపల 55 డిగ్రీల పైన వేడెక్కనివ్వండి. మొండి బ్యాక్టీరియా పూర్తిగా పోకపోయినా చాలావరకు తగ్గుతుంది. చెరువున్నవాళ్లు పిల్లల్ని పలచగా వదలండి. జబ్బొస్తే షాపువాడు చెప్పిన మందు కాకుండా ముందు చేపను ల్యాబ్‌కి పంపండి.

చేపలు తినడం మానక్కర్లేదు. బాగా ఉడికిన పులుసులో ఈ బ్యాక్టీరియా బతకదు. ఉప్పు, పసుపు వేసి కడిగితే నీచు పోతుందేగానీ, బ్యాక్టీరియా పోయిందనుకోవద్దు. చేప కోసిన కత్తిపీట మీదే పచ్చి ఉల్లిపాయ, కీరదోసకాయ కోస్తున్నారేమో, ఆ ఒక్కటీ ఇంట్లో చూసుకోండి.