డప్పు మాట వినే దీపం

శివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్లలో విద్యుత్ ప్రభలను చూసినవాళ్లు వాటిని మరిచిపోలేరు. అంత ఎత్తున బల్బుల వరసలు పరుగులు తీస్తుంటాయి. అయితే సాధారణంగా ఆ పరుగు ముందే కట్టిన వరస. కింద డప్పు మోగినా ఆగినా దానికి పట్టదు. బెజవాడలో చవితి పందిరికి చుట్టే సీరియల్ సెట్లదీ అదే తీరు. దీపం డప్పు మాట వినాలంటే దానికో చెవి పెట్టాలి.

ఆ చెవి గోరంత మైకు. దాని వెనక ఈఎస్‌పీ32 అనే చిన్న బోర్డు, డబ్ల్యూఎస్2812బీ రకం ఎల్ఈడీ స్ట్రిప్పు, 5 వోల్టుల పవర్ సప్లై. సామాను ఇంతే.

మోత పెరిగితే వెలుగు పెంచడం తేలికే. కానీ డప్పుకీ సన్నాయికీ ఒకటే వెలుగైతే ఇక విన్నదేముంది? శబ్దాన్ని విడదీయాలి. బోర్డు సెకనుకు 20,480 సార్లు శబ్దాన్ని కొలుస్తుందనుకుందాం. 512 కొలతలు పోగయ్యాక, 1965లో కూలీ, టూకీ ప్రచురించిన ఫాస్ట్ ఫూరియర్ ట్రాన్స్‌ఫార్మ్ లెక్కతో వాటిని 40 హెర్ట్జ్‌ల గదులుగా సర్దుతుంది. ఆ పోగుకు పట్టేది 25 మిల్లీసెకన్లు. గదులు ఇంకా సన్నం కావాలంటే ఎక్కువ కొలతలు పోగవ్వాలి, అప్పుడు దెబ్బ పడ్డాక వెలుగు వెనకబడుతుంది. స్వరమా, తాళమా అంటే నేను తాళం వైపే. కింది గదులు ఎరుపుకు, సన్నాయి పలికే పై గదులు నీలానికి ఇవ్వండి. వెలుగు దెబ్బతోపాటే ఎగసి, మెల్లగా తగ్గాలి. లేకుంటే కళ్లు చెదురుతాయి.

ఇక కరెంటు. పూర్తి తెలుపులో ఒక్కో ఎల్ఈడీ దాదాపు 60 మిల్లీయాంపులు తాగుతుంది. 300 ఉంటే 18 యాంపులు! ఒక చివరే కరెంటు ఇస్తే అవతలి చివర తెలుపు కాస్తా ఎర్రబడుతుంది. స్ట్రిప్పులోని పల్చటి రాగిలో వోల్టేజీ పడిపోవడమే కారణం. ఎరుపుకు సుమారు 2 వోల్టులు చాలు, నీలానికి 3 కావాలి. అందుకే రెండు చివర్లా మందపాటి వైర్లు కలపాలి, ఫ్యూజు తప్పనిసరి. 5 వోల్టులు షాక్ కొట్టవు గానీ, అన్ని యాంపులు సన్న వైరును కాల్చేస్తాయి. సప్లై పెట్టెలోకి వచ్చేది 230 వోల్టులు, చవితి నాటికి మన డెల్టాలో వానలు. పెట్టె ఎత్తున, తడవని చోట ఉండాలి.

ఒక్క మాట. మంట దగ్గర కాస్తే డప్పు తోలు బిగిసి, స్వరం పైకి జరుగుతుంది. ఏ గది ఎరుపుకివ్వాలో కాచిన డప్పుతోనే సరిచూసుకోండి.