ప్రయాణంలో వస్త్రశుచి: తడిబట్ట తామరకు పుట్టిల్లు

ఆరోగ్యరక్షణ అనగానే మనకు ఆహారం, ఔషధం, వ్యాయామం స్ఫురిస్తాయి. ఒంటిమీది బట్ట గుర్తుకు రాదు. కాని చరకాచార్యులు సూత్రస్థానం ఐదవ అధ్యాయంలో అభ్యంగం, స్నానం మొదలైన నిత్యవిధులను చెబుతూ, వాటి సరసనే నిర్మలవస్త్ర ధారణాన్ని కూడా చేర్చారు. అది ఆయుస్సుకూ మనోల్లాసానికీ హేతువని వివరించారు. ఇంటిపట్టున ఉన్నప్పుడు ఈ నియమం పాటించడం కష్టం కాదు. నీళ్లుంటాయి, ఎండ ఉంటుంది, పెరట్లో దండెం ఉంటుంది. ఒక్క చేతిసంచితో పది పదిహేను రోజులు తీర్థయాత్రకు బయలుదేరినప్పుడే ఈ నియమం తప్పిపోతుంది.

మన ప్రాంతంలో పెద్ద యాత్రలు కొన్ని సరిగ్గా వానాకాలంలోనే వస్తాయి. గోదావరి పుష్కరాలు 2015 జూలైలోనూ, కృష్ణా పుష్కరాలు 2016 ఆగస్టులోనూ జరిగాయి. ఆ రోజుల్లో ఆకాశం ముసురుపట్టి ఉంటుంది, సత్రం గదిలో గాలి ఆడదు, ఉతికిన బట్ట మరునాటికి కూడా ఆరదు. యాత్రికులు ఆ చెమ్మబట్టనే కట్టుకుని మరో క్షేత్రానికి సాగిపోతారు.

ఒక సోదరి అనుభవం

కొంతకాలం క్రితం నడివయస్సు గృహిణి ఒకరు నా వైద్యశాలకు వచ్చారు. కాశీయాత్ర ముగించుకుని వచ్చి అప్పటికి రెండు నెలలు. లంగా బొందు బిగించి కట్టే చోట, నడుము చుట్టూ దురద, ఎర్రని అంచుతో వలయాలు. యాత్రలో ప్రతిదినం గంగాస్నానం చేసి, సగం ఆరిన లంగాపైనే చీర కట్టుకుని తిరిగారట. తిరిగి వచ్చాక ఎవరో చెప్పారని మందుల దుకాణంలో ఒక పూతమందు కొని రాశారు. రెండు రోజుల్లో దురద తగ్గింది. పూత ఆపగానే వలయాలు రెట్టింపై వీపు మీదకు పాకాయి. ఈలోగా ఆమె తువ్వాలు వాడిన కోడలికీ, పక్కన పడుకునే మనుమరాలికీ అదే వ్యాధి సోకింది.

అది దద్రువు, అంటే తామర. ఫంగస్ వలన కలుగుతుంది. వెచ్చదనం, చెమట, చెమ్మ కలిసిన చోట వృద్ధి చెందుతుంది. ఆమె రాసిన పూతలో స్టెరాయిడ్ ఉంది. అది దురదను అణచిపెడుతుంది, కాని ఫంగస్‌ను చంపదు. పైగా చర్మానికున్న సహజమైన ప్రతిఘటనను తగ్గించి వ్యాధి విస్తరించడానికి తోడ్పడుతుంది. ఇటువంటి పూతలను వైద్యుని సలహా లేకుండా ఎన్నడూ వాడరాదు.

ఒకరి బట్టల వలన మరొకరికి వ్యాధి సంక్రమిస్తుందన్న విషయం కొత్తది కాదు. సుశ్రుతాచార్యులు కుష్ఠనిదానాధ్యాయం చివర, వ్యాధులు ఒకరి నుండి ఒకరికి పాకే మార్గాలను లెక్కిస్తూ శరీరస్పర్శ, సహభోజనం, ఒకే శయ్యపై పడుకోవడంతో పాటు ఒకరి వస్త్రాలు మరొకరు ధరించడాన్ని కూడా పేర్కొన్నారు.

ఎన్ని బట్టలు కావాలి?

మా గురువుగారు ఎంత దూరం ప్రయాణమైనా రెండు పంచెలు, రెండు ఉత్తరీయాలు, ఒక చెంబుతో బయలుదేరేవారు. శిష్యులమైన మాకు ఆయన చెప్పే మాట ఒక్కటే: ఉతకడం సగం పని, ఆరబెట్టడం తక్కిన సగం. వేసవిలో రెండు జతలు చాలు. వానాకాలంలో మూడు జతలు ఉండాలి. ఒకటి ఒంటిమీద, ఒకటి దండెం మీద, ఒకటి సంచిలో పొడిగా. లోదుస్తులు మాత్రం నాలుగు జతలు ఉంచుకోవాలి.

జతల సంఖ్య కంటె బట్ట స్వభావం ముఖ్యం. పలుచని నూలుబట్ట చెమటను పీల్చుకుని త్వరగా ఆరుతుంది. జీన్సు వంటి మందపు బట్ట వానాకాలపు యాత్రకు తగదు. కుచ్చుల తువ్వాలు కంటె పలుచని నేత తువ్వాలు మేలు. ప్రతివారికీ తువ్వాలు విడిగా ఉండాలి.

కుంకుడు పొడి

సబ్బు బిళ్ల అందరికీ అందుబాటులో ఉంది, దానిని కాదనను. కాని పట్టుబట్టలకూ, రంగు వెలిసే నేతచీరలకూ మన కుంకుడుకాయ సాటిలేనిది. శాస్త్రంలో దీనికి అరిష్టకమని పేరు. కాయలోని గింజలు తీసివేసి, తొక్కలను బాగా ఎండబెట్టి, దంచి పొడిచేసి చిన్న డబ్బాలో పోసుకోవాలి. దంచేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకోకపోతే తుమ్ములు పట్టుకుంటాయి. రెండు చెంచాల పొడిని పలుచని గుడ్డలో మూటకట్టి, చెంబెడు వేడినీళ్లలో పావుగంట నానబెట్టి పిసికితే నురుగు వస్తుంది. ఆ నీటిలో బట్టను కాసేపు నానబెట్టి, చేతితో నలిపి, రెండుసార్లు మంచినీటిలో జాడించాలి. ఆ నీరు నిలవ ఉండదు, ఏ రోజుకారోజు చేసుకోవాలి. కంట్లో పడితే తీవ్రంగా మండుతుంది.

ఒక హెచ్చరిక. సబ్బునీరే కాదు, కుంకుడు నీరు కూడా చేపలకు విషమే. కనుక నదిలో గాని, కోనేటిలో గాని బట్టలు ఉతకరాదు. నీళ్లు తోడుకుని దూరంగా వచ్చి ఉతుక్కోవాలి. స్నానం చేసి పుణ్యం కోరిన నీటిని మనమే మలినం చేయరాదు కదా!

మరకలు

ప్రసాదపు నూనె మరకపై వెంటనే పొడి శనగపిండి చల్లి, అది నూనె పీల్చుకున్నాక దులిపి ఉతకాలి. పసుపు మరకకు సబ్బు తగిలితే ఎర్రబడుతుంది. కంగారు పడనక్కరలేదు. జాడించి ఎండలో వేస్తే క్రమంగా వెలిసిపోతుంది. రక్తపు మరకను చన్నీళ్లతోనే కడగాలి. వేడినీళ్లు పోస్తే మరక బిగుసుకుంటుంది.

ఆరబెట్టే పద్ధతి

రాత్రి పడుకునే ముందు ఉతికితే తెల్లవారేసరికి చాలా సమయం దొరుకుతుంది. పిండిన బట్టను పొడి తువ్వాలుపై పరచి, రెండింటినీ కలిపి చాపలా చుట్టి గట్టిగా మెలిపెట్టాలి. మిగిలిన నీటిలో చాలా భాగం తువ్వాలుకు ఎక్కుతుంది. ఆపైన ఆ తువ్వాలును కూడా ఆరవేయాలి. సంచిలో నాలుగు బారల సన్నని తాడు, పది పిన్నీసులు ఉంచుకుంటే ఎక్కడైనా దండెం సిద్ధం. బట్టపై బట్ట వేయక, మడత లేకుండా, పంకా గాలి తగిలేలా వేయాలి. ఎండ ఉంటే లోదుస్తులను తిరగేసి ఎండకు పెట్టాలి. నడుముపట్టీ, బొందు దూర్చే మడత, చంకల దగ్గరి కుట్లు చివరగా ఆరుతాయి. వేలితో తడిమి చూసి, అక్కడ చెమ్మ లేదని నిర్ధారించుకున్న తరువాతే ధరించాలి. ఆరకపోతే వీధిలోని ఇస్త్రీబండి వద్ద వేడి ఇస్త్రీ చేయించండి. తడిబట్టను పాలిథిన్ సంచిలో మూటకట్టి పొడిబట్టల మధ్య పెట్టవద్దు.

తడిబట్ట నియమం

తడిబట్టతో ప్రదక్షిణ చేసే మొక్కు కొందరికి ఉంటుంది. ఆ భక్తిని నేను ఆక్షేపించను. కాని మొక్కు తీరిన వెంటనే ఒళ్లు తుడుచుకుని, ముఖ్యంగా గజ్జలు, చంకలు, రొమ్ముల కింద, వేళ్ల సందులు పొడిగా చేసుకుని, పొడిబట్ట కట్టుకోవాలి. తడిబట్టతోనే బస్సెక్కి గంటల తరబడి కూర్చోవడం ఏ మొక్కులోనూ లేదు. మధుమేహం ఉన్నవారు ఈ విషయంలో రెట్టింపు జాగ్రత్త వహించాలి.

ఆ సోదరికి చికిత్సతో పాటు ఇంటిల్లిపాది తువ్వాళ్లు వేరుచేయించాను, పక్కబట్టలను వేడినీళ్లలో ఉతికించాను, ముగ్గురికీ ఒకేసారి చికిత్స ప్రారంభించాను. పూర్తిగా నయం కావడానికి నెలలు పట్టింది. తామరకు మెట్టతామర ఆకు, తగిరిస గింజలు మా వైద్యంలో చిరపరిచితాలు. ఎంతటి ఔషధమైనా చెమ్మబట్ట కింద మాత్రం పనిచేయదు. యాత్ర నుండి వచ్చాక దురదతో కూడిన వలయం కనిపిస్తే, ఆలస్యం చేయక వైద్యుని సంప్రదించండి. ఈసారి మూట కట్టేటప్పుడు, మరో చీరకు బదులు ఆ నాలుగు బారల తాడు పెట్టుకోండి.