ముల్లే కదా అని ఊరుకోవద్దు
నరంలో చేరిన విషానికి విరుగుడు లేదు

పొలంలో కాలికి తుమ్మముల్లు దిగుతుంది. దాన్ని లాగి పారేసి, ఇంత మట్టో సున్నమో అద్ది మళ్లీ పనిలో పడతారు. వారం పది రోజులకు దవడలు బిగిసి నోరు తెరుచుకోదు. గాలి సోకిందని భూతవైద్యుని వద్దకు తీసుకుపోయేవారూ ఉన్నారు. అది గాలి కాదు, ధనుర్వాతం. ఒళ్లు విల్లులా వెనక్కు వంగుతుంది కనుక దానికా పేరు.

దీనికి కారణం మట్టిలోను, పశువుల పేడలోను ఉండే సూక్ష్మజీవి. జపాను శాస్త్రజ్ఞుడు కిటసాటో 1889లో దీన్ని విడిగా పెంచి చూపారు. గట్టి పొర కప్పుకుని ఇది ఏళ్ల తరబడి మట్టిలో బతుకుతుంది. గాలి ఆడని లోతు గాయం దొరికితే మేల్కొని విషం పుట్టిస్తుంది. తుప్పు వల్ల ఈ జబ్బు రాదు. మేకుకు అంటిన మట్టితోనే ముప్పు.

ఈ విషం నరాల కొసల్లో దూరి, నరం వెంటే వెన్నుపాముకు చేరుతుంది. అక్కడ కొన్ని నరకణాలు ఎడ్లకు పగ్గం వంటివి. కండరం బిగిశాక 'ఇక వదులు' అని చెప్పే రసాయనాన్ని అవి వదులుతాయి. విషం ఆ కణాల్లోని ఒక ప్రోటీనును కత్తిరించడంతో రసాయనం బయటకు రాదు. పగ్గం తెగినట్లే. తలుపు చప్పుడైనా రోగి ఒళ్లు కొయ్యబారుతుంది. తెలివి మాత్రం ఉంటుంది. ఊపిరి ఆడించే కండరాలు పట్టేస్తే ప్రాణాపాయం.

ఆసుపత్రిలో ఇచ్చే ఇమ్యునోగ్లోబులిన్ సూదిమందు ఇంకా నరంలోకి పోని విషాన్నే పట్టుకోగలదు. లోపలికి పోయినదాన్ని తీయలేదు. గాయం శుభ్రం చేసి, సూక్ష్మజీవిని చంపే మందులు, బిగువు తగ్గించే మందులు ఇస్తారు. అవసరమైతే యంత్రంతో ఊపిరి ఆడిస్తారు. నరాలు కోలుకోవడానికి వారాలు పడుతుంది. ఒకసారి వచ్చి తగ్గినా మళ్లీ రాదన్న భరోసా లేదు.

కనుక టీకాయే రక్ష. పూర్వపు టి.టి. స్థానంలో ఇప్పుడు టి.డి. వేస్తున్నారు. గర్భిణులకు, పిల్లలకు ప్రభుత్వ ఆసుపత్రుల్లో టీకాలు ఉచితం. టీకాల వల్ల, శుభ్రమైన కాన్పుల వల్ల పురిటిబిడ్డల ధనుర్వాతం 2015 నాటికి దేశంలోని ప్రతి జిల్లాలోను వేయి కాన్పులకు ఒకటి కంటె తక్కువకు దిగింది. మట్టిలోని సూక్ష్మజీవి మాత్రం పోలేదు. చిన్నప్పుడు టీకా పడని పెద్దలకు ముప్పు అలాగే ఉంది.

గాయమైతే సబ్బు, పారే నీటితో బాగా కడగాలి. పేడ, మట్టి, సున్నం పెట్టరాదు. మట్టి అంటిన గాయమై, టీకా వేయించుకుని అయిదేళ్లు దాటితే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. దవడ బిగిసేదాకా ఆగితే ఆలస్యమే.