పాఠశాలా బ్యాండునకు చిరకాలము నిలుచు ట్యూబా

బ్యాండునందు కార్నెట్టు మెఱయును, క్లారినెట్టు పాడును, డ్రమ్ము నడక నేర్పును. వీనినన్నిటిని అడుగున నిలిచి మోయునది ట్యూబా. అది లేని బ్యాండు పునాది లేని గోడవంటిది. పాఠశాలకు సాధారణముగా నొక్క ట్యూబాయే యుండును. అది పదిమంది చందాలతో కొనబడి, ఏటేట నొక క్రొత్త బాలుని చేతికి వచ్చును. కావున కొనుటకు ముందు విచారింపదగిన సంగతుల నిచట వివరింప నెంచితిమి.

ఈ వాద్యమునకు 1835 సెప్టెంబరు 12వ తేదీన ప్రష్యా దేశమున వీప్రెహ్ట్, మోరిట్జ్ అనువారు పేటెంటు పొందిరి. బ్యాండులలో విశేషముగా వాడబడు పెద్ద ట్యూబా గొట్టమును చుట్టలు విప్పి చాచినచో సుమారు 18 అడుగులుండును. అంత పొడవు గొట్టమున ఏ యొక్క అతుకు వదలినను గాలి జాఱి స్వరము చెడును.

ఇత్తడి గుణమును ఓరుగంటి సీమవారికి వేఱుగా చెప్పనక్కఱలేదు. పెంబర్తి పనివారు ఇత్తడి రేకును కొట్టి రూపములు తీర్చుట లోకప్రసిద్ధము. సొట్టపడిన ఇత్తడిని మరల సరిచేయవచ్చును; కాని దెబ్బ దెబ్బకును లోహము బిఱుసెక్కును, పలుమాఱు సరిచేసిన రేకు పలుచబడి చీలును. అందుచే మందమైన రేకును, క్రింది వంపులకు రక్షణపట్టీలును గల వాద్యమునే కోరవలెను. గంటవంటి మూతిమీది సొట్టకంటె, ఊదుచోటికి చేరువనున్న సన్నని గొట్టమునందలి సొట్ట యెక్కువ హాని చేయును. ఆ గొట్టముపై గులాబివన్నె మచ్చలున్నచో లోపల తుత్తునాగము కరగిపోవుచున్నదని గ్రహింపవలెను. అట్టి పాత వాద్యము చౌకయైనను కొనదగదు.

మీటల పరీక్ష సులభము. మీటను నొక్కక దాని జాఱుగొట్టమును కొంచెము వెలికి లాగి, క్షణమాగి మీటను నొక్కవలెను. "టప్పు"మని ధ్వని వచ్చినచో గాలి పట్టు చక్కగా నున్నది. రానిచో పిస్టను అరిగినదనియో, జాఱుగొట్టము వదులైనదనియో శంకింపవలెను. బాలురకు మూడు మీటలు చాలును. నాలుగవది యున్న మంద్రస్వరములు మఱింత శుద్ధముగా పలుకును.

బరువును మఱవరాదు. భుజమునకు చుట్టుకొని నడచుటకు తగిన సౌసాఫోను అమెరికాలో 1893 ప్రాంతమున వెలసెను. ఇత్తడితో చేసినది బాలునికి గొప్ప భారము. ఫైబరుగ్లాసుతో చేసినది తేలిక, సొట్టపడదు. కాని గట్టి దెబ్బకు పగులును, నాదమున కొంత నిండుదనము తగ్గును. చిన్నవారికి 13 అడుగుల గొట్టము గల చిన్న ట్యూబా మేలు. ఎండలో కవాతు చేయు బాలుని వెన్ను వాద్యముకంటె విలువైనది గదా!

మన దేశమున బ్యాండు వాద్యములకు మీరట్ పట్టణము పేరు గన్నది. అచట నాదిర్ అలీ కంపెనీ 1885లో స్థాపితమైనది. ఎచట కొన్నను, పిస్టనులు, స్ప్రింగులు, బిరడాలు మరల దొరకునా, మరమ్మతు చేయువారు కలరా యని ముందుగా నడుగవలెను.

తుదకు, వాద్యము ఆయువు కొన్నవారికంటె వాయించువారి చేతనే యెక్కువగా నున్నది. వాయించిన పిమ్మట నీరు తీసివేయుట, మీటలకు నూనె వేయుట, గోడకు చేరవేయక పెట్టెలో నుంచుట యను నీ మూడు నియమములను పాటించు విద్యార్థి, తాను చూడబోని తమ్ములకు మేలు చేసినవాడగును.