ఇంటి సాలెపురుగు - రాత్రివేళ కాట్లకు నిజమైన కారణములు

వానకాలమున తెల్లవారి లేచునప్పటికి ఒంటిమీద దద్దుర్లో, పొక్కులో, చిన్న గాటో కనబడుట రైతుల యిండ్లలో సామాన్యము. ఆ రాత్రి గోడమీద సాలెపురుగు కనబడియున్నచో నేరము దానిపై మోపబడును. దానిని చంపి, కాటుపై పసుపు రాచి, ఆ సంగతి మఱచిపోవుదురు. ఇందువలన నష్టము రెండు విధములు. బొద్దింకలను తినెడి ఉపకారి చచ్చును; నిజముగా కఱచినదేదో తెలియకపోవును. ఒక్కొక్కప్పుడు కఱచినది కట్లపామై యుండును. అప్పుడా పొరపాటు ప్రాణముల మీదికి తెచ్చును.

సాలెపురుగు గుర్తులు: ఇండ్లలో కనబడు పెద్ద సాలెపురుగు గోధుమవన్నె కలది. దేహము ఇంచుమించు ఒక అంగుళము; కాళ్లు చాచినచో మూడు నాలుగు అంగుళముల మేర వచ్చును. దేహము చదునుగా నుండుటచే పెట్టెల వెనుకను, తలుపు సందులలోను దూరగలదు. కాళ్లు ఎండ్రకాయ కాళ్లవలె ప్రక్కలకు చాచియుండును. ముఖముపై లేతవన్నె పట్టె యుండును. ఇది సాలెగూడు అల్లదు. రాత్రులందు గోడల వెంట తిరిగి బొద్దింకలను వేటాడును. ఆడుది పొట్టక్రింద బిళ్లవంటి సంచిని మోయుచుండును. అది గ్రుడ్లసంచియే కాని విషపుసంచి కాదు.

ఇది మనుష్యుని రక్తము త్రాగదు. చేతితో నొక్కినప్పుడో, బట్టలలో చిక్కుపడినప్పుడో మాత్రమే కఱచును. అప్పుడు కొంత మంట, వాపు కలిగి తగ్గిపోవును. కఱచుచుండగా కంటితో చూచిననే గాని సాలెపురుగు కాటని నిశ్చయింపరాదు. చెట్ల తొఱ్ఱలలో నివసించు రోమములు గల పెద్ద సాలెపురుగు వేఱుజాతి. అది కఱచినచో తీవ్రమైన నొప్పి, కండరములు పట్టుట కలుగును గనుక వైద్యునికి చూపవలెను.

నల్లులు: దద్దుర్లు వరుసగా గాని గుంపుగా గాని లేచి మిక్కిలి దురద పెట్టుచు, దుప్పటిపై నల్లని చుక్కలు కనబడినచో అది నల్లుల పని. ఇవి మంచపు కీళ్లలోను, నులక సందులలోను, గోడ బీటలలోను దాగియుండును. కీళ్లలో మరుగుచున్న నీరు పోసి, మంచమును ఎండలో నుంచవలెను. మిగిలిన గ్రుడ్లు పొదుగును గనుక పది దినముల కొకసారి రెండు మూడు మార్లు ఇట్లే చేయవలెను.

దీపపు పురుగు: రెక్కలచీమవలె సన్ననై, నారింజ, నలుపు రంగుల పట్టెలు గలిగి, అర అంగుళమునకు లోపుగా నుండు పురుగొకటి వరిపొలముల నుండి దీపము చెంతకు వచ్చును. ఇది కఱవదు, కుట్టదు. ఒంటిపై నలిగినప్పుడు దాని రసము తగిలి, ఒకటి రెండు దినములలో ఎఱ్ఱని చారయు, మంటయు, పొక్కులును ఏర్పడును. దీనినే సాలెపురుగు ప్రాకిన చారయని భ్రమింతురు. ఈ పురుగు ఒంటిపై వ్రాలినచో నలుపక ఊదివేసి, ఆ చోటును సబ్బుతో కడుగవలెను. పొలములో నిది వరిని పాడుచేయు సుడిదోమను తినును గనుక అక్కడ దానిని చంపరాదు.

కట్లపాము: నిగనిగలాడు నల్లని దేహముపై సన్నని తెల్లని అడ్డుపట్టెలు గల యీ పాము రాత్రివేళ ఇండ్లలోనికి వచ్చి, నేలపై పరుండిన వారిని కఱచును. కాటు పెక్కుసార్లు నొప్పి పుట్టింపదు. గాటు కనబడకయే పోవచ్చును. అందుచే ఏదో పురుగు కుట్టినదని మరల నిద్రింతురు. కొంతసేపటికి కడుపునొప్పి, వాంతి, గొంతునొప్పి, కనురెప్పలు వాలుట, మ్రింగలేకపోవుట కలిగి, తుదకు ఊపిరి ఆగును. రాత్రి నేలపై పరుండినవారికి ఈ గుర్తులలో ఏ యొక్కటి కనబడినను, గాటు లేకున్నను, పాముకాటేయని యెంచవలెను.

అట్టివారిని నడువనీయక, కఱచిన అవయవమునకు కఱ్ఱబద్ద కట్టి కదలకుండ నుంచి, వెంటనే విషమునకు విరుగుడు సూదిమందు గల వైద్యశాలకు కొనిపోవలెను. బిగించి త్రాడు కట్టుట, గాటు కోయుట, నోటితో పీల్చుట హానికరములు. మంత్రముల కొఱకు గడుపు ప్రతి గడియయు నష్టమే.

2000 నుండి 2019 వఱకు భారతదేశమున పాముకాటుచే ఇంచుమించు 12 లక్షల మంది, అనగా ఏటేట 58,000 మంది, మరణించిరని 2020లో ప్రకటింపబడిన పరిశోధన తెలుపుచున్నది. అందు సగము జూన్, సెప్టెంబరు నెలల నడుమ జరిగినవే.

చేయవలసిన పనులు: నేలపై పరుండరాదు. మంచముపై పరుండి, దోమతెర అంచులను పఱుపు క్రిందికి దోపవలెను. గాదెల చెంత ఎలుకలు చేరినచో వాటి వెంట పాములును చేరును గనుక ధాన్యమును భద్రపఱచి, గోడ బొరియలను పూడ్పవలెను. చీకటిలో దీపము లేక నడువరాదు. కళ్లములలోను, పశువుల కొట్టములలోను పరుండు పాలేళ్లకు మంచములు, దోమతెరలు ఏర్పఱచుట భూమిగల రైతుల బాధ్యత. గోడమీది సాలెపురుగును మాత్రము దాని పని దానిని చేసికొననీయవలెను.